బొమ్మ వేసిన సీసా మళ్లీ నిండాలంటే

సంపాదకులకు నమస్కారం.

చిన్న స్థాయిలో మద్యం తయారుచేసేవాళ్లు చేత్తో బొమ్మలు వేసిన సీసాల వైపు మళ్లుతున్నారని, అలాంటి సీసాలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి చెత్త తగ్గుతుందని మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. గాజు మీద రంగులు వేయడమే నా బతుకుతెరువు. మా పనికి ఒక పత్రిక అంత చోటు ఇచ్చినందుకు చాలా సంతోషం వేసింది. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. బొమ్మ ఉన్న సీసాను ఎవరూ పారేయరు, కాబట్టి అది పర్యావరణానికి మేలు చేసినట్టేనని రాశారు. పారేయకుండా దాచుకోవడం ఒకటి, కడిగి మళ్లీ నింపడం ఇంకొకటి. మొదటిది చాలా సీసాలకు జరుగుతోంది. రెండోది చాలా తక్కువ సీసాలకే జరుగుతోంది. ఎందుకో పని చేసే చోటి నుంచి చెప్పాలనిపించింది.

సీసా మళ్లీ నిండుతుందా లేదా అన్నది బొమ్మ ఎంత బాగా వచ్చిందన్నదాన్ని బట్టి ఉండదు. కుంచె ముట్టుకోకముందే, ఆ సీసా ఆకారం ఎంచుకునే రోజే తేలిపోతుంది. ఏ రంగు వాడాలి, ఎక్కడ రంగు పడకూడదు, కడిగేవాళ్లకు లోపల ఏం కనబడాలి, కాగితం లేబుల్ మీద ఏం ఉండాలి, గాజు మీద ఏం రాయకూడదు అన్నవన్నీ ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతులు. నా దగ్గరికి వచ్చే తయారీదారుల్లో ఎక్కువమంది సీసాలు కొనేసి, మూతలు, అట్టపెట్టెలు కూడా వచ్చేశాక, ఆఖరున బొమ్మ కోసం వస్తారు. అప్పటికి అలంకారం తప్ప నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

దాచుకోవడం తప్పని నేను అనడం లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన కేఎల్‌ఎం విమాన సంస్థ 1952 నుంచి పై తరగతి ప్రయాణికులకు నీలం, తెలుపు రంగుల్లో చిన్న పింగాణీ ఇళ్లు బహుమతిగా ఇస్తోంది. లోపల బోల్స్ అనే సంస్థ వారి జెనీవర్, అంటే జిన్ లాంటి డచ్ మద్యం, ఉంటుంది. ఏటా అక్టోబర్ 7న కొత్త ఇల్లు ఒకటి ఆ వరసలో చేరుతుంది. జనం వాటిని ఏళ్ల తరబడి సేకరించి అద్దాల బీరువాల్లో పేర్చుకుంటారు. అదొక జ్ఞాపిక, అందుకే తయారైంది, ఆ పని చక్కగా చేస్తోంది. కానీ ఒక డిస్టిలరీ తన రోజువారీ సరుకు మొత్తాన్నీ అలాంటి జ్ఞాపికల్లో పోసి పంపుతూ, మా సీసా పునర్వినియోగానికి పనికొస్తుందని పెట్టె మీద అచ్చు వేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కొన్నాయన దాన్ని పూలకుండీ చేసుకున్నాడు, బాగుంది. ఆయన రెండోసారి కొనేటప్పుడు ఏం జరిగింది? ఇంకో కొత్త సీసా వచ్చింది. ఇంట్లో ఎన్ని పూలకుండీలు పడతాయి?

కొత్త సీసా అంటే ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించడం. పగిలిన గాజు పదో వంతు కలిపితే ఇంధనం రెండున్నర, మూడు శాతం ఆదా అవుతుంది. అది మంచిదే, కానీ కొలిమి వెలగక తప్పదు. అదే సీసాను కాస్టిక్ సోడా కలిపిన నీళ్లతో కడగడానికి 60 నుంచి 80 డిగ్రీలు చాలు. పైగా ఖరీదైన మద్యం సీసాలు మందపాటి అడుగుతో కిలో దాకా తూగుతుంటాయి. అంత గాజును ఒక్కసారి వాడి వదిలేయడమా? అంత బరువు ఉన్నదే ఎన్నోసార్లు తిరగడానికని నేను అనుకుంటాను.

ఇక రంగు సంగతి. ఈ విషయం దగ్గర నన్ను కాస్త ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

గాజు మీద చేత్తో వేశామని చెప్పే సీసాల్లో చాలావాటి మీద ఉండేది అక్రిలిక్ రంగు. కొనడానికి చవక, వేయడానికి తేలిక, ఆరితే నిగనిగలాడుతుంది. కానీ ఆల్కహాల్‌కు అది ఆగదు. ఒకసారి సీసా వంచి గ్లాసులో పోసి పైకెత్తి చూడండి. ఆఖరి చుక్క గ్లాసులో పడదు. మూతి అంచు కింద నుంచి వెనక్కి జారి, మెడ మీదుగా దిగి, భుజం దగ్గర ఆగుతుంది. అందులో నూటికి నలభై పాళ్లు ఆల్కహాల్. అది తగిలిన చోట అక్రిలిక్ మెత్తబడి జిగురుగా మారుతుంది. మర్నాడు ఎవరో అక్కడే బొటనవేలు వేసి పట్టుకుంటారు. ఆకుపచ్చ రంగు వేలికి అంటుకుని వస్తుంది, ఆకు ఉన్న చోట మరక మిగులుతుంది. పైన వార్నిష్ పూస్తే సరిపోతుందంటారు. ఆ వార్నిష్ లక్కతో చేసిందైతే అదీ ఆల్కహాల్‌లో కరిగేదే. అక్రిలిక్ మరకలు తుడవడానికి మా బల్ల మీద గుడ్డకు అద్దుకునేది కూడా ఆల్కహాలే కదా! ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరిచే రంగులు కొంత నయం. ఇంట్లో సున్నితంగా చేత్తో కడుక్కుంటే కొన్నాళ్లు నిలుస్తాయి. వేడి కాస్టిక్ నీళ్లలో పదేపదే మునిగే సీసాకు మాత్రం వాటిని నేను వాడను.

నిలిచేది ఎనామెల్. అది నిజానికి రంగు వేసిన గాజు పొడే. తక్కువ వేడికి కరిగే గాజును మెత్తగా నూరి, నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకు రాగి లేదా క్రోమియం, ఎర్రమట్టి ఛాయకు ఇనుము లాంటి లోహాల ఆక్సైడ్లు కలుపుతారు. ఆ పొడిని అద్దం పలక మీద నూనెతో కలిపి, గాజు రోకలితో గుండ్రంగా తిప్పుతూ నలపాలి. నలిపేటప్పుడు మొదట గరగరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పోయేదాకా ఆపకూడదు. పలుకు మిగిలితే గీత మధ్యలో గుచ్చుకుంటుంది, కాల్చాక ఆ చోట చిన్న బొడిపె తేలుతుంది. నూనె ఎక్కువైతే గీత పారుతుంది, తక్కువైతే కుంచె తడబడుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే గీతల కుంచెతో ఒకే ఊపిరిలో తీగ లాగాలి. గాజు జారుతుంది, కాగితంలాగా పట్టి ఉంచదు, ఆగితే ఆగిన చోటు కనిపిస్తుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త సీసా శుభ్రంగా కనిపిస్తుంది గానీ రంగు వేయడానికి అది సిద్ధంగా ఉండదు. నడిచే బెల్టు మీద ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా బయట కంటికి కనిపించని పాలిథీన్ మైనపు పూత పూస్తారు. దాని మీద వేస్తే రంగు ముద్దలు కట్టి వెనక్కి లాక్కుంటుంది. ఆ పూత ముందు పోవాలి. తర్వాత వేలు తగలకుండా మెడ పట్టుకుని తిప్పుకోవాలి. వేలిముద్ర జిడ్డు పైన వేసిన రంగు కాల్చాక అక్కడ పట్టు తప్పుతుంది. 

బట్టీలో 560 నుంచి 600 డిగ్రీల మధ్య ఎనామెల్ కరిగి సీసా గాజుతో ఏకమవుతుంది. ఇక్కడే పట్టు దొరకాలి. వేడి తక్కువైతే ఎనామెల్ గరుకుగా ఉండి గోరుతో గీకితే రాలుతుంది. ఎక్కువైతే సీసా మెత్తబడటం మొదలవుతుంది. మొదట పాడయ్యేది మూతి. పైకి చూస్తే తేడా తెలియదు, బిరడా పెట్టినప్పుడు ఒకవైపు వదులుగా కూర్చుంటుంది. బిరడా సరిగ్గా కూర్చోని సీసా ఎంత అందంగా ఉన్నా మద్యం నింపడానికి పనికిరాదు. రంగు గాజు, సీసా గాజు చల్లారేటప్పుడు ఒకే తీరున కుంచించుకోవాలి, లేకపోతే బొమ్మ మీద సన్నని నెరెలు వస్తాయి. అందుకే బట్టీ తలుపు తొందరపడి తీయకూడదు. నెమ్మదిగా చల్లార్చకపోతే గాజులో ఒత్తిడి నిలిచిపోయి, ఎప్పుడో కడిగే రోజు వేడి నీళ్లు తగలగానే చిట్లుతుంది. సీసాకు ధర ఎక్కువ చెబుతున్నావేంటని అడిగేవాళ్లకు నేను ముందు బట్టీ చూపిస్తాను.

ఇది కొత్త విద్య కాదు. 13, 14 శతాబ్దాల్లో సిరియా, ఈజిప్టుల్లో మసీదుల కోసం చేసిన గాజు దీపాల మీద ఎనామెల్ రాతలు, పూలు ఇప్పటికీ మ్యూజియాల్లో మెరుస్తున్నాయి. మన విషయానికి దగ్గరగా ఉన్నవి 18వ శతాబ్దపు మధ్య యూరప్ సీసాలు. బొహీమియా, జర్మనీ ప్రాంతాల్లో పలకలు తీరిన చిన్న స్పిరిట్ సీసాల మీద, అంటే ఘాటైన మద్యం పోసే సీసాల మీద, పక్షులు, పూలకొమ్మలు, రాతలు ఎనామెల్‌తో వేసి, తగరం కలిసిన లోహపు మరమూతలు పెట్టేవారు. ఖాళీ అయితే మళ్లీ నింపుకునేవారు, ఎందుకంటే సీసా ఖరీదైన వస్తువు. ఒక్కో సీసా నోటితో ఊదాల్సిందే. 1903లో మైకెల్ ఓవెన్స్ అమెరికాలో పూర్తిగా యంత్రమే సీసా చేసే పద్ధతి తెచ్చాక సీసా చవకైంది. చవకయ్యాకే పారేయడం అలవాటైంది. ఇప్పుడు చిన్న తయారీదారులు చేత్తో బొమ్మ వేయించి సీసాకు మళ్లీ విలువ తెస్తున్నారు. ఆ విలువతోపాటు తిరిగి నింపే అలవాటూ రావాలన్నదే నా ఆశ.

ఆరోగ్యం విషయంలో మాత్రం రాజీ లేదు. ఎనామెల్ తక్కువ వేడికి కరగడానికి పాతకాలంలో సీసం, అంటే లెడ్ అనే లోహం, దాని ఆక్సైడ్ కలిపేవారు. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం ఉండేది. ఆ సీసం విషం. 1991లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. సీసం కలిసిన క్రిస్టల్ గాజు పాత్రల్లో నిల్వ ఉంచిన పోర్ట్ వైన్‌లోకి రోజులు గడిచేకొద్దీ ఆ లోహం దిగుతూ పోయిందని వాళ్లు కొలిచి చూపారు. అక్కడ పాత్ర గాజులోనే సీసం ఉంది. మా పనిలో రంగు బయటే ఉంటుంది, మద్యానికి తగలదు. అయినా మూతి నుంచి జారే చుక్క మెడ మీద పడుతుంది, ఆ మెడను పట్టుకున్న చెయ్యి నోటిదాకా వెళుతుంది. అందుకే సీసం, కాడ్మియం లేని రంగులే కొంటాను. తాగే పాత్రలకు అంచు నుంచి 20 మిల్లీమీటర్ల మేర విడిగా పరీక్షించే పద్ధతి ఉంది. నేను సీసాకు అంతకంటే ఎక్కువే వదిలి, మెడంతా ఖాళీగా ఉంచుతాను. మెడ చుట్టూ తీగ పాకిస్తే ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. అయినా పాకించను. రంగు అమ్మినవాళ్ల దగ్గర దాని పరీక్ష కాగితం అడిగి తీసుకోవడం తయారీదారు బాధ్యత కూడా. అది చూపించలేని చిత్రకారుడి చేత పని చేయించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు ఎవరూ అడగని మనిషి గురించి. సీసా తిరిగొచ్చాక దాన్ని కడిగే మనిషి. ఒక చిన్న డిస్టిలరీలో నేను వేసిన సీసాలు చూపిస్తుంటే అందరూ మెచ్చుకున్నారు. కడిగే గదిలో పనిచేసే ఆమె ఒక సీసా తీసుకుని దీపం ముందు పెట్టి, అటూ ఇటూ తిప్పి, “అక్కా, బొమ్మ బాగుంది. కానీ లోపల ఏముందో నాకెట్లా కనబడుతుంది?” అంది. చుట్టూ నిండా అడవి బొమ్మ ఉన్న సీసా అది. ఆ తయారీదారు అడిగిందే అలాగ. ఆమె చెప్పిన సంగతులు ఆ గదిలో ఇంకెవరికీ తెలియవు. జనం ఖాళీ సీసాల్లో నూనె పోసుకుంటారు, కిరోసిన్ పోసుకుంటారు, పూలు పెట్టిన నీళ్లు నెలల తరబడి ఉంచేస్తారు. అడుగున పచ్చని పాచి పొర అంటుకుని ఉంటుంది. ఒక్కోసారి మూతి లోపల అంచు చిట్లి, గాజు పెంకు లోపలే పడి ఉంటుంది. వెలుతురు ముందు పెట్టి ఒకవైపు నుంచి చూస్తే రెండోవైపు దాకా కనబడాలి. కనబడని సీసాను ఆమె పక్కన పెట్టేస్తుంది. పక్కన పెట్టిన సీసా మళ్లీ నిండదు.

అప్పటి నుంచి నా ప్రతి సీసా మీద ఎదురెదురుగా రెండు నిలువు పట్టీలు ఖాళీగా ఉంటాయి. పైనుంచి అడుగు దాకా, మూడు వేళ్ల వెడల్పు. ఆ రెండు ఖాళీల మధ్య బొమ్మను ఎలా అమర్చాలా అనే ఆలోచనలోంచే నాకు నచ్చిన డిజైన్లు పుట్టాయి. ఒకవైపు కొమ్మ, రెండోవైపు పిట్ట. మధ్యలో గాజు, గాజు వెనక మద్యం రంగు. పీపాల్లో నిల్వ ఉంచిన స్పిరిట్ అయితే ఆ తేనె రంగే బొమ్మలో మూడో రంగుగా పనిచేస్తుంది. మట్టం తగ్గేకొద్దీ బొమ్మ మారుతూ పోతుంది. ఇలాంటి చోట గాజుకు ఉన్న వెసులుబాటు పింగాణీకి ఉండదు.

సీసా ఆకారం గురించి కూడా చెప్పాలి. తిరిగే సీసాలు పెట్టెల్లో, బెల్టుల మీద ఒకదానికొకటి రాసుకుంటాయి. ఎక్కడ ఉబ్బెత్తుగా ఉంటే అక్కడ తెల్లటి అరుగుదల పట్టీ పడుతుంది, మామూలుగా భుజం కింద ఒకటి, అడుగుకు కాస్త పైన ఒకటి. జర్మనీలో 1969లో గుంటర్ కుపెట్జ్ రూపొందించిన 0.7 లీటర్ల మినరల్ వాటర్ సీసా ఈ విషయంలో నాకు పాఠ్యపుస్తకం. నడుము సన్నగా, చేతికి అమరేలా ఉంటుంది, పైభాగంలో నీటి బుడగల్లాంటి గాజు పూసలు ఉంటాయి. అలంకారమంతా అచ్చులోనే వచ్చేసింది, విడిగా ఊడేది ఏదీ లేదు. అక్కడి తిరుగు సీసాలు 50 సార్ల దాకా నిండుతాయంటారు. మా సీసాకు కూడా పైనా కిందా కాస్త ఉబ్బు ఉండి, మధ్య భాగం లోపలికి ఉంటే, బొమ్మ ఆ లోతులో భద్రంగా ఉంటుంది. రాపిడి ఉబ్బుల మీదే పడుతుంది. తిన్నగా గొట్టంలా ఉండే సీసా కొని, దాని మీద బొమ్మ చెక్కుచెదరకూడదంటే ఎలా?

ఎంత జాగ్రత్త పడినా కాస్టిక్ నీళ్లకు ఎనామెల్ మెరుపు నెమ్మదిగా మందగిస్తుంది. కాబట్టి అరిగినా అందం చెడని బొమ్మ ఎంచుకోవాలి. మనిషి ముఖం వేస్తే కన్ను దగ్గర చిన్న పెచ్చు లేచినా చూడలేం. ఆకులు, చుక్కలు, గింజలు, ఈకలు, అలలు, ఇవైతే ఒకటి రెండు పోయినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. బంగారు పూత అందరూ అడుగుతారు. కడుగుడుకు అన్నిటికంటే ముందు పోయేది అదే. జ్ఞాపికగా ఇచ్చే సీసాకు వేస్తాను, తిరగాల్సిన సీసాకు వేయనని ముందే చెప్పేస్తాను. అరిగిన సీసాను మళ్లీ బట్టీలో పెట్టి బొమ్మ దిద్దవచ్చు కదా అంటారు. వాడిన సీసా గోడల్లో కంటికి కనబడని గీతలు, పగుళ్లు ఉంటాయి. బట్టీలో అవి విచ్చుకుంటే పక్కనున్న కొత్త సీసాలు కూడా పోతాయి.

మద్యం సీసాను తిరిగి నింపడం అంటే చట్టం కూడా గుర్తుకొస్తుంది. అమెరికాలో మద్య నిషేధం ఎత్తేశాక, 1935 నుంచి 1964 దాకా, ఈ సీసాను అమ్మడాన్నీ తిరిగి వాడడాన్నీ ఫెడరల్ చట్టం నిషేధిస్తోందని సీసా గాజులోనే అక్షరాలు పోసేవారు. పేరున్న సీసాలో దొంగసారా పోసి అమ్మేవాళ్ల భయం అది. ఆ భయం నిజమైనదే, కల్తీ మద్యం ప్రాణాలు తీస్తుంది. నియమాలు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి తయారీదారు ముందుగా తన దగ్గరి నియమం కనుక్కోవాలి. కానీ నేను మాట్లాడేది తయారుచేసినవాళ్లే తమ సీసాను వెనక్కి తీసుకుని, తామే కడిగి, తామే నింపి, తామే సీలు వేయడం గురించి. దీనికి డిజైన్‌లోనే ఒక ఏర్పాటు ఉండాలి. నింపిన తేదీ, బ్యాచ్ నంబరు, ఆల్కహాల్ శాతం, హెచ్చరికలు ఇవేవీ గాజు మీద శాశ్వతంగా రాయకూడదు. అవన్నీ వేడి నీళ్లకు ఊడిపోయే జిగురుతో అతికించిన కాగితం మీద ఉండాలి. మూతి మీద చిరిగితే తెలిసిపోయే సీలు ప్రతిసారీ కొత్తది పడాలి, బిరడా కొత్తది రావాలి. గాజు మీద ఉండేది బొమ్మ, అడుగున సీసా వరస సంఖ్య, అంతే. ఆ సంఖ్య ఉంటే ఏ సీసా ఎన్నిసార్లు తిరిగిందో రాసి పెట్టుకోవచ్చు. చేత్తో వేసిన ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకటి కావు కాబట్టి, బయలుదేరేటప్పుడు తీసిన ఫొటోతో పోల్చి తమ సీసాయో కాదో చూసుకోవచ్చు కూడా.

ఇంత చేశాక మిగిలే చిక్కు ఏంటంటే, సీసా ఎంత బాగుంటే అంతగా జనం దాన్ని తిరిగి ఇవ్వరు. దీని మీద నేను చాలా ఆలోచించాను. సీసా తిరిగిస్తే వెనక్కి ఇచ్చేలా కొంత డబ్బు డిపాజిట్ పెట్టమంటారు కొందరు. అందంగా ఉన్న సీసాకు డిపాజిట్ వదులుకోవడానికి జనం వెనకాడరు, అది వాళ్లకు సీసా ధరలాగే అనిపిస్తుంది. నాకు నచ్చింది వేరే దారి. సీసా కొన్నవాళ్లదే. వాళ్ల సీసా వాళ్లకే తిరిగి రావాలి. ఖాళీ సీసా తెచ్చి ఇస్తే, కడిగి, పరీక్షించి, నింపి, కొత్త సీలుతో అదే సీసాను ఇవ్వాలి. అలా అయితే దాచుకోవాలన్న ప్రేమ, తిరిగి నింపాలన్న పని రెండూ ఒకే వైపు లాగుతాయి. నియమాలు ఒప్పుకునే చోట కొందరు చిన్న తయారీదారులు తేలికైన సంచిలో స్పిరిట్ పంపి, ఇంట్లో ఉన్న సీసాలో పోసుకోమంటున్నారు. అప్పుడు బరువైన గాజు అటూ ఇటూ తిరిగే పనే ఉండదు. ఆ సంచి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఉంది, అయినా ప్రతిసారీ కిలో గాజు కరిగించడం కంటే అది మేలేనని నాకు అనిపిస్తుంది.

బొమ్మ వేసినవాళ్ల గురించి కూడా నాలుగు మాటలు. 1902లో పెరియే-జువే అనే షాంపేన్ సంస్థ కోసం గాజు కళాకారుడు ఎమిల్ గాలే కొన్ని పెద్ద సీసాల మీద ఎనామెల్‌తో తెల్లని ఎనిమోన్ పూలు వేశాడు. అవి నేలమాళిగలో మరుగునపడి, 1960లలో మళ్లీ బయటపడ్డాయి. ఆ పూలే ఇప్పటికీ ఆ సంస్థ గుర్తు, గాలే పేరు ఇప్పటికీ చెబుతారు. మెక్సికోలో క్లాసే అజుల్ అనే సంస్థ తన టెకీలా మద్యం పోసే పింగాణీ సీసాలను సాంతా మారియా కాన్‌చెస్డా అనే ఊళ్లో కళాకారులు చేత్తో అలంకరిస్తారు, ఆ ఊరి పేరు కూడా ఆ సీసాతోపాటే వినిపిస్తుంది. చాలాచోట్ల అలా జరగడం లేదు. డిజైన్ చేసిన ఏజెన్సీ పేరు కనిపిస్తుంది, వరసగా వందల తీగలు లాగిన చెయ్యి ఎవరిదో తెలియదు. అడుగున వరస సంఖ్య పక్కన, వేసిన మనిషి పొడి అక్షరాలకు చోటివ్వడానికి ఖర్చేమీ కాదు. తిరిగే సీసా అయితే ఇంకా అవసరం. నా గీత ఎన్ని కడుగుళ్లకు తట్టుకుందో, ఏ రంగు ముందు మందగించిందో వెనక్కి వచ్చిన సీసాలు చూస్తేనే నాకు తెలుస్తుంది. కాబట్టి తిరిగొచ్చిన సీసాల్లో కొన్నిటిని మాకు చూపించమని అడుగుతున్నాను. ఒక తయారీదారు అలా చూపించాక నేను ఆకుల అంచు గీత మందం పెంచాను, పిట్ట ముక్కు చిన్నది చేశాను. సీసాలెన్ని అన్నదాన్ని బట్టి మాత్రమే కాకుండా, ఈ సలహాకు కూడా కూలి కట్టడం న్యాయం.

ఈ ఉత్తరంలో మద్యం తాగమని నేను ఎవరికీ చెప్పడం లేదు. తయారయ్యేది ఎలాగూ తయారవుతోంది, దాన్ని మోసే గాజు గురించే నా బాధ. మీరు ఈ అంశం మీద మళ్లీ రాసేటప్పుడు డిస్టిలరీ యజమానితోపాటు కడిగే గదిలోకి కూడా వెళ్లమని మీ విలేకరిని కోరుతున్నాను. పది కడుగుళ్లు అయిన సీసాను అడిగి, దాని ఫొటో వేయండి.

చిన్న తయారీదారులు ఎవరైనా దీన్ని చదువుతుంటే ఒక విన్నపం. సీసాల ఆర్డరు పెట్టకముందే నమూనా సీసా ఒకటి మీకు నచ్చిన గాజు చిత్రకారుడి చేతికి ఇవ్వండి. కాల్చి తెచ్చిన దాన్ని మీ మద్యంతో మెడ నుంచి అడుగు దాకా తడిపి ఒక రాత్రి ఉంచండి, వేడి కాస్టిక్ నీళ్లలో పదేపదే ముంచి తీయండి, బిరడా పెట్టి తలకిందులుగా నిలబెట్టండి. గోరుతో గీకండి. దీపం ముందు పెట్టి లోపలంతా కనబడుతోందా చూడండి. అన్నీ సరిపోతే అప్పుడు ఆర్డరు పెట్టండి.

ఇట్లు,
గాజు మీద కుంచె పట్టే మీ పాఠకురాలు